ఎర్ర దారం తువ్వాళ్ళు

వ్యాన్ ఇంకా ఆగనే లేదు, వాసన ముందే ఎదురొచ్చింది, ఉడికిన గుడ్డు పెంకు వలిచినప్పుడు వచ్చే వాసన, దాంట్లో కాస్త ఆరిపోయిన అగ్గిపుల్ల వాసన, మడతక్క గుండె ఎగిరి గంతేసింది, ఇదే, ఇదే, పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం రెండు వందల తడి తువ్వాళ్ళలో దాక్కుని లాండ్రీకి వచ్చే వాసన ఇదే, సబ్బు మార్చి రెండుసార్లు ఉతికినా ఒక పట్టాన వదలని వాసన, ఇన్నాళ్ళూ అది తన దగ్గరికి వచ్చింది, ఇవాళ తానే దాని దగ్గరికి వచ్చింది, ఫొటోలో చూసి చూసి మొహం బట్టీ పట్టిన మనిషిని మొదటిసారి ఎదురుగా చూడబోతున్నట్టుంది. ఏభైకి రెండేళ్ళు తక్కువున్న మనిషికి ఈ గంతులేమిటని ఎవరైనా అడిగితే అడగనీ. భూమిలోంచి వేడినీళ్ళు ఊరతాయట, బాయిలర్ లేకుండా, మంట లేకుండా, గేజి చూసే మనిషి లేకుండా, ఎవరూ ఏమీ చెయ్యకుండానే పొగలు కక్కుతూ వస్తాయట, వేడినీళ్ళ కోసం పొద్దస్తమానం బాయిలర్‌ని బతిమాలుకునే తమలాంటి వాళ్ళకి కదా ఆ మాట విలువ తెలిసేది.

"వదినా, ఇది వెనక గేటు కదూ!" అని ముందు సీట్లోంచి గుండీ గొల్లున నవ్వింది.

నవ్వక ఏం చేస్తుంది. డ్రైవర్ వదిన లాండ్రీ వ్యాన్ నడిపే మనిషి, వారానికోసారి ఈ రిసార్టు వెనక గేటుకి వచ్చి ఉతికినవి దింపి మురికివి ఎక్కించుకుపోతుంది, ముందు గేటు ఎలా ఉంటుందో ఆవిడకే తెలియదు, ఇవాళ విహారానికి బయల్దేరి కూడా బండిని తిన్నగా తెచ్చి మురికి బట్టల గుమ్మం ముందు నిలబెట్టింది. "నన్నంటావేం, స్టీరింగే తిరిగింది," అంది వదిన. స్టోరు కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది, "ఇవాళ సోమవారం కాదుగా?" అంటూనే ఆ తలగల మనిషి తొట్టి తొయ్యడానికి లేచాడు కూడా. వదిన కిటికీ అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టి, "ఇవాళ మేం గెస్టులం, ముందు గేటుకి దారెటు?" అంది. ఆ దర్జా చూసి వెనక ఖాళీ తొట్ల మధ్య కూర్చున్న మడతక్కకి నవ్వుతో కడుపు నొప్పి పుట్టింది. పక్కనున్న చేతులమ్మ నవ్వి నవ్వి ఆమె భుజం మీద వాలిపోయింది, ఎడమ భుజం మీద, మడతక్క నవ్వుతూనే ఆ చేతిని కాస్త వెనక్కి తీసుకుంది.

గెస్టులే మరి, ఏం తక్కువ, పాసులున్నాయి నాలుగు, ఒక్కో పాసు మీద రోజంతా అని రాసి ఉంది. ఆ పాసులు మడతక్క చలవే, గౌను మడతపెడుతుంటే జేబులో ఉంగరం దొరికింది, ఎవరిదో పెళ్ళి ఉంగరం, వదిన చేతికిచ్చి వెనక్కి పంపింది, రిసార్టువాళ్ళు మురిసిపోయి ఈ కాగితాలు పంపారు, పంపితే ఏం లాభం, లాండ్రీకి సెలవంటూ ఉంటే కదా, దుప్పట్లు మురికి కాకుండా ఊరుకుంటాయా, పాసులు నెలల తరబడి బిస్కెట్ డబ్బాలో మగ్గాయి, ఈ నెలాఖరుకి గడువు అయిపోతుందనగా నిన్న మధ్యాహ్నం బాయిలర్ పెద్దగా మూలిగి పడకేసింది. బాగుచెయ్యడానికి ఒక రోజు పడుతుందని మేనేజరు మొహం వేలాడేసుకుని చెబుతుంటే ఈ నలుగురూ కూడా పాపం అన్నట్టు మొహాలు వేలాడేసుకుని విన్నారు, ఆయన వీపు తిప్పగానే గుండీ మరమ్మతు బల్ల మీద దరువు వేసింది. గుండీ అంటే చిరిగినవి కుట్టే మనిషి, ఊడిన గుండీలు పెట్టీ పెట్టీ తానే గుండీలా గుండ్రంగా తయారైందని వదిన అంటుంది.

"చేతులు!"

ముందు గేటు దగ్గర అందరూ దిగాక వ్యాన్ వెనక తలుపు వేస్తూ చేతులమ్మ కేక పెట్టింది. ముగ్గురూ రెండేసి చేతులు పైకెత్తారు. గేటు దగ్గర కాపలా మనిషి కంగారుపడి తానూ ఒక చెయ్యి ఎత్తాడు, దానికి మళ్ళీ నవ్వులు. చేతులమ్మ పనిచేసేది పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర, కాలికింద పెడల్ నొక్కితే మంచమంత పళ్ళెం ఆవిరి చిమ్ముతూ కిందికి దిగుతుంది, ఎదురుగా బట్ట పరిచే మనిషి మడతక్క, నొక్కేముందు చేతులమ్మ "చేతులు!" అని అరవాలి, మడతక్క రెండు చేతులూ పైకెత్తి చూపించాలి, పళ్ళెం పూర్తిగా పడేదాకా దించకూడదు. ఇది మేనేజరు పెట్టిన రూలు కాదు, చేతులమ్మ తనకి తాను పెట్టుకున్నది. తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి తప్పలేదు సరికదా అది ముదిరి ఇల్లంతా పాకింది, బీరువా వేసినా అరుస్తుంది, కుక్కర్ మూత పెట్టినా అరుస్తుంది, ఆవిడ పిల్లలు నోట్లో ముద్ద పెట్టుకుని చేతులెత్తుతారు, పేరు కూడా అలాగే స్థిరపడిపోయింది. అందరూ ఆటపట్టిస్తారు, మడతక్క కూడా ఆటపట్టిస్తుంది, అందరికన్నా ఎక్కువగా ఆవిడే పట్టిస్తుంది, ఎందుకంటే ఆ రూలు ఎక్కడ పుట్టిందో తన ఎడమ చొక్కాచేతి కింద రాసి ఉంది.

వద్దు, ఇప్పుడు దాని గురించి వద్దు, అదిగో చూడు, గులకరాళ్ళ బాట, బాటకి రెండువైపులా మోకాలెత్తు పొదలు, పొదల వెనక నిజంగానే పొగ, పొగ కాదు ఆవిరి, యంత్రం చిమ్మే ఆవిరిలా కోపంగా లేదు, తీరిగ్గా, నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టుగా లేస్తోంది, మడతక్క కాళ్ళు వాటంతటవే తొందరపడ్డాయి, "మెల్లిగా అక్కా, నీళ్ళెక్కడికీ పారిపోవు," అంది వెనక నుంచి చేతులమ్మ, పారిపోతాయేమో ఎవరికి తెలుసు, పదకొండేళ్ళు ఆగారుగా తాము, అవి ఎంతకాలం ఆగుతాయి.

కౌంటర్ దగ్గర అమ్మాయి తలా రెండు తువ్వాళ్ళు, తలా ఒక గౌను ఇచ్చింది. గుండీ తువ్వాలు మూల తిప్పి చూసి "నా కుట్టే!" అని అక్కడికక్కడే ముద్దు పెట్టుకుంది, ఎర్ర దారంతో మూడు కుట్లు, అది ఈ రిసార్టు గుర్తు, ఆస్పత్రివైతే నీలం, హోటలువైతే పచ్చ. మడతక్క మడత చూసింది, తన మడతే, పొడుగున మూడు, అడ్డంగా మూడు, అంచులు లోపలికి, ఏ శుక్రవారమో తాను పెట్టింది ఊరు తిరిగి తన చేతికే వచ్చింది, విప్పాలంటే ప్రాణం ఒప్పలేదు. గౌను మాత్రం విప్పి చూడక్కర్లేదు, కళ్ళు మూసుకుని చెప్పగలదు, బూడిద రంగు, మోకాలి కింది దాకా, కుడివైపు జేబు, మెడ దగ్గర రెండు ముడులు, చేతులు లేవు. చేతుల్లేని గౌను. గోడ మీద పెద్ద అక్షరాలతో ఆ గౌను తప్ప మరే బట్టతోనూ నీళ్ళలోకి దిగకూడదని రాసి ఉంది, అదీ తెలుసు, వదిన ఎప్పుడో చెప్పింది. తెలిసీ వచ్చింది. నిన్న రాత్రి మూడు సాకులు సిద్ధం చేసుకుంది, మోకాలు నొప్పి, జలుబు, లేదా నేను గట్టున కూర్చుని మీ సామాన్లు చూస్తాను మీరు వెళ్ళండి, మూడూ బాగా ఇస్త్రీ చేసి మరీ పెట్టుకుంది, ఆ గుడ్డు వాసన తగిలిన క్షణంలోనే మూడూ నలిగిపోయాయి. దిగాలని ఉంది. అంతే. చిన్నపిల్లలా దిగాలని ఉంది.

తలుపు గడియపెట్టి చొక్కా విప్పింది. మణికట్టు దగ్గర ఎలాస్టిక్, గుండీ చేత పెట్టించుకున్నది, చేతులెత్తినప్పుడు జారకుండా. ఎలాస్టిక్ కింద మొదలై మోచెయ్యి దాటేదాకా అది, ఎర్రగా ఉండేది ఇప్పుడు లేతరంగుకి వచ్చింది, నీళ్ళలో నానిన కాగితం ఎండితే ఎలా ముడుచుకుంటుందో అలా. చేతులమ్మ కొత్తగా చేరిన పన్నెండో రోజు. పెద్ద దుప్పటి పరిచింది తాను, చేతులు తీసేసింది, తీసేశాక మూలన చిన్న ముడత కనిపించింది, ఎవరికి కావాలి ఆ ముడత, ఏ గెస్టు చూస్తాడు, కానీ తాను మడతక్క కదా, ముడత చూసి ఊరుకునే మనిషి కాదు కదా, చెయ్యి మళ్ళీ పెట్టింది, అదే సమయానికి అవతల కాలు పెడల్ మీద పడింది. నొప్పి గుర్తులేదు, చేతులమ్మ మొహం గుర్తుంది. మేనేజరు పరిగెత్తుకొచ్చి కాలు ఎవరిదని అడిగాడు. "నాదే," అంది తాను, చెయ్యీ నాదే కాలూ నాదే అన్నట్టు, ఎందుకంటే ఆ కొత్తమనిషి ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, పనింకా ఖాయం కాలేదు, పైగా ఆ ముడత సంగతి తన మనసుకి తెలుసు. ఆ కొత్తమనిషి మూడు రోజులు సబ్బుల గదిలో కూర్చుని ఏడ్చిందట, పని మానేస్తానందట. పన్నెండు రోజులు చెల్లెలింట్లో ఉండి తిరిగొచ్చిన మడతక్క కట్టు మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, ఆ చెయ్యే ఊపి చూపించి, "తగ్గిపోయింది, మచ్చ కూడా లేదు," అంది. మరి పొడుగు చేతులెందుకక్కా అంటే చలి అంది. బాయిలర్ పక్కన నిలబడి పనిచేస్తూ చలట! లాండ్రీ అంతా నెల రోజులు నవ్వుకుంది, ఆ నవ్వులో కొత్తమనిషి కూడా నవ్వింది, పని మానలేదు, అది చాలనిపించింది అప్పుడు. ఇప్పుడు ఆ కొత్తమనిషి తొమ్మిదేళ్ళ స్నేహితురాలు, టిఫిన్ డబ్బాలు మార్చుకుని తింటారు, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోతారు. మచ్చంటే సిగ్గులేదు మడతక్కకి, ఆమె భయమంతా ఒక్కటే, ఇది చూశాక చేతులమ్మ తనని మళ్ళీ ఆ మొహంతో చూస్తుంది, సబ్బుల గదిలోకి పోయే మొహంతో, ఇక ఎప్పటికీ అదే మొహంతో, తొమ్మిదేళ్ళ నవ్వులన్నీ వెనక్కి వెళ్ళి అబద్ధాలైపోతాయి.

"అక్కా, వస్తున్నావా పడుకున్నావా?" తలుపు మీద టకటక. వస్తున్నానంటూ మడతక్క రెండో తువ్వాలు విప్పి ఎడమ చేతి మీద భుజం నుంచి వేళ్ళదాకా కప్పుకుంది, అచ్చం పెద్ద హోటల్లో వడ్డించే మనిషిలా, బయటికి రాగానే గుండీ "మెనూ తెండి," అంది, చేతులమ్మేమో "వేడినీళ్ళలో దిగేముందు కూడా నీకు చలేనా!" అని పకపకా నవ్వింది, మడతక్కా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ అందరికన్నా ముందు పరిగెత్తినంత పనిచేసి మెట్ల దగ్గరికి చేరింది. నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉన్నాయి, లోపలేముందో కనిపించదు, దేవుడా, ఎంత మంచి నీళ్ళు! తువ్వాలు గట్టున వదిలి ఒక్క అడుగు, రెండు, మూడు, చెయ్యి మునిగింది, భుజం మునిగింది, మెడదాకా, అమ్మయ్య.

అమ్మయ్య, అమ్మయ్య, ఇదా, ఇంతకాలం ఉతికిందంతా దీన్నా, ఒంట్లో ప్రతి కీలూ వదులవుతోంది, పాదాల కింద రాళ్ళ సందుల్లోంచి బుడగలు వచ్చి అరికాళ్ళకి గిలిగింతలు పెడుతున్నాయి, భూమి ఏదో గుసగుసలాడుతోంది, వేడినీళ్ళంటే ఇన్నాళ్ళూ జాగ్రత్త, దూరం, చేతులెత్తు, ఈ వేడి మాత్రం రా అంటోంది, చిన్నప్పుడు ఇంట్లో ఒకటే రేకు తొట్టి, ఆదివారం స్నానం, ముందు అన్న, తర్వాత అక్క, మూడో పిల్ల తాను, తన వంతు వచ్చేసరికి నీళ్ళు చల్లారి పైన నురగ తేలుతుండేది, ఒకసారి వేడినీళ్ళు ముందు నాకే కావాలని ఏడిస్తే అమ్మ నవ్వి పెద్దయ్యాక నీకు తొట్టినిండా దొరుకుతాయిలే అంది, ఎంత నిజమైంది, మరీ ఎక్కువ నిజమైంది, తొట్లకి తొట్లు దొరికాయి, ఒక్కదాంట్లోనూ దిగే వీల్లేదు, ఇదిగో అమ్మా ఇప్పుడు దిగాను చూడు, పొగలు కక్కుతున్నాయి, నురగలేదు, నా కన్నా ముందు ఎవరూ దిగలేదు, సరే దిగారనుకో, వారానికి వందమంది, ఆ సంగతి నాకన్నా ఎవరికి తెలుసు. ఎడమ చెయ్యి నీళ్ళకింద దానంతటది తేలుతోంది, మచ్చ మీద చర్మానికి వేడి సరిగ్గా తెలియదు, మోచేతి పైన మాత్రం తెలుస్తోంది, తెలియడం మొదలయ్యే చోటు ఎక్కడో వేలితో వెతుక్కుంది. అవతల వదిన స్టీరింగ్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకి చాచి కళ్ళు మూసుకుంది, గుండీ నిజంగానే గుండీలా తేలుతోంది, చేతులమ్మ పక్కకి జరిగి తల ఈమె తలకి ఆనించింది. "అక్కా, ఆ ఉంగరం పారేసుకున్న మనిషి చల్లగా ఉండాలి," అంది. "చల్లగా ఎందుకే, ఇలా వెచ్చగా ఉండాలి," అంది మడతక్క, తన గొంతు తనకే పదేళ్ళపిల్ల గొంతులా వినిపించింది.

ఈల మోగింది. మొదటి విడత అయిపోయింది, మళ్ళీ మధ్యాహ్నం. అందరూ ఎక్కాక చివర్లో ఎక్కుదామనుకుంది, అనుకున్నట్టే చేసింది కూడా, వదినా గుండీ తలలు తుడుచుకుంటూ ఏదైనా తాగుదామని వెళ్ళిపోయారు, చేతులమ్మ అద్దం వైపు తిరిగి జుట్టు పిండుకుంటోంది, మడతక్క గట్టెక్కి తువ్వాలు చేతి మీద వేసుకుని హమ్మయ్య అనుకోబోయింది, అప్పుడు కనిపించింది బల్ల మీద గుట్ట. ఎవరి తువ్వాలు వాళ్ళు ఉండచుట్టి విసిరి పోయారు, కొన్ని నేల మీద, ఒకటి ఏకంగా బురదకాళ్ళ కింద, తడివీ పొడివీ ఏకమై, సోమవారం ఇవే కదా తన బల్ల మీదికి వచ్చేవి, ఇలాగే కదా కంపు పట్టి వచ్చేవి. "చూశావుటే ఈ మనుషుల్ని," అంది. చేతులమ్మ చూసింది, చూసి "రామ రామ," అంది, ఇంకేముంది, ఇద్దరూ చెరోవైపు చేరారు, తడివి ఇటు, పొడివి అటు, పొడివాటికి పొడుగున మూడు అడ్డంగా మూడు, నాలుగు చేతులు నలభై మడతలు, గోడ పక్కన తమ లాండ్రీ తొట్టే ఉంది, చక్రానికి వదిన కట్టిన తాడుతో సహా, దాన్ని లాగి తడివన్నీ పడేశారు, ఒంటిమీద గౌన్లున్నాయని, తాము గెస్టులని, ఇవాళ సెలవని, ఏదీ గుర్తులేదు, చేతులు పనిలో పడ్డాక ఎంత హాయిగా ఉంది, ఆ హాయిలో చేతిమీది తువ్వాలు ఎప్పుడు తీసి ఎందులో వేసిందో మడతక్కకే తెలియదు. చేతులమ్మ తొట్టి ఇనుప మూత ఎత్తిపట్టుకుంది.

"చేతులు!"

మడతక్క చేతులు రెండూ పైకి లేచాయి. బుర్రదాకా కబురు వెళ్ళేలోపే లేచిపోయాయి, తొమ్మిదేళ్ళ అలవాటు. లేచాక గాలి తగిలింది. గాలి తగిలాక గుర్తొచ్చింది.

మూత పడలేదు. మూత పడేదాకా దించకూడదు కనుక మడతక్క దించలేదు, దించాలని తోచలేదు కూడా, ఆ రెండు చేతులూ అలా గాల్లో నిలబడిపోయాయి, ఒకటి మామూలుది, ఒకటి అది. చేతులమ్మ చూపు మణికట్టు దగ్గర మొదలై మోచెయ్యిదాకా నడిచింది, మళ్ళీ కిందికి నడిచింది.

"చలి అన్నావు," అంది.

"అన్నాను."

"ఎండాకాలం. బాయిలర్ పక్కన. తొమ్మిదేళ్ళు."

మొహం కోసం చూసింది మడతక్క, ఆ సబ్బుల గది మొహం కోసం, అది రాలేదు, ఎర్రగా మండిపోతూ మరొకటి వచ్చింది. "చెమటలు కారుతుంటే చూస్తూ నవ్వాను కదక్కా నేను. అందరితోపాటు నవ్వాను. నవ్వనిచ్చావేం?"

"చెబితే నువ్వు వెళ్ళిపోయేదానివి."

"వెళ్ళిపోయేదాన్నే," అని ఒప్పుకుంది చేతులమ్మ. "వెళ్ళిపోతే వెళ్ళిపోనివ్వాల్సింది."

"ముడత కనిపించిందే," అంది మడతక్క, తొమ్మిదేళ్ళలో ఎవరికీ చెప్పని మాట, మేనేజరుకి, చెల్లెలికి, ఇంట్లో ఆయనకి, ఎవరికీ. "మూలన. ఇంత ముడత. చేతులు తీసేసి మళ్ళీ పెట్టాను. పెట్టింది నేను."

"తొక్కింది నేను."

నీళ్ళు బుడబుడమంటున్నాయి. చేతులమ్మ మూతని నెమ్మదిగా వెనక్కి వాల్చి, తొట్టి చుట్టూ తిరిగి వచ్చి, గాల్లో ఉన్న ఎడమ చేతిని అందుకుని కిందికి దించింది. మణికట్టు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"ఊహూ."

వేలు మచ్చ వెంబడే పైకి నడిచింది, ముడుచుకున్న చర్మం మీద తొందరలేకుండా, మోచెయ్యి దాటింది. "ఇక్కడ?"

"తెలుస్తోంది," అంది మడతక్క, అప్పుడు ఏడుపొచ్చింది, దుఃఖంతో కాదు, నీళ్ళలోకి దిగినప్పుడు ఏదైతే వదులైందో అదే ఇంకొంచెం వదులైంది, ముక్కు చీదుకోవడానికి చేతికందిన తువ్వాలు తీసుకుంది, తీసుకుని ముందు మూల తిప్పి ఎర్ర దారం ఉందో లేదో చూసుకుంది. అది చూసి చేతులమ్మ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

"మేడమ్, మేడమ్, అవి మేం చూసుకుంటాం," అంటూ కౌంటర్ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, మడతపెట్టిన గుట్ట చూసి నోరు వెళ్ళబెట్టింది. "మీరు గెస్టులు కదా, మధ్యాహ్నం విడత దాకా ఆగనక్కర్లేదు, కావాలంటే చిన్న కొలను ఖాళీగా ఉంది, వెళ్ళండి."

"వెళ్దామా అక్కా?"

"వెళ్దాం."

వెళ్ళబోతూ చేతులమ్మ ఆగింది, తొట్టి ఇంకా తెరిచే ఉంది, పని సగంలో వదిలేసి పోయే మనుషులు కారు ఇద్దరూ. అలవాటుగా నోరు తెరిచింది కానీ ఆ మాట అనలేదు. మడతక్క ఎడమ చేతిని తన చేతిలో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో మూత వేసింది. చిన్న కొలను దాకా ఆ చెయ్యి వదల్లేదు.